చెక్క చెప్తాది

షెడ్డులో అడిగింది మూడువేల నాలుగువందలు.
మా పోపులడబ్బాలో ఉండేది పదకొండువందలు,
అందులో రెండొందలు పాలామెవి.
"సైలెన్సరే కదా, నేనే విప్పుతా" అన్యాడు ఓబులేసు.

ఎవురో అరుగు పరవంగా మిగిలిన కడపబండలు
మోసుకొచ్చి ఒకదానిమీదొకటి పేర్చినాడు,
నల్లగా, నున్నగా, చూడ్డానికి ముచ్చటగా.
జాకీ తిప్పితే ఓమ్ని ఒక పక్క లేచింది,
బిందె చంకనెత్తుకున్న ఆడమనిషి మాదిరి ఒరిగి.

కిందికి దూరబోతాంటే
సందు చివర్నించి సుంకన్న చిన్నాయన అరుపు:
"రేయ్! తలకాయ బయట పెట్టు!"

ముప్పైయేండ్లు గుంతకల్లు గ్యాంగులో
పట్టాలకింద ఏముందో చూసిన మనిషి.
ఎడమచేతికి రెండేళ్లు లేవు.
ఎట్ల పోయినాయో సందులో ఎవురమూ అడగం.
పైబండ అంచుమీద స్పానరుతో ఒక్క పోటు పొడిచినాడు,
మెల్లగానే.
బండ రెండు ముక్కలు.

"జాకీ ఎత్తేదానికిరా, మోసేదానికి కాదు.
రాయి మోస్తాది గానీ చెప్పదు.
చెక్క చెప్తాది. కిర్రుమంటాది, నలుగుతాది,
బయటపడేదానికి రోంత టైమిస్తాది."

ఆయన కోళ్లగూడు కింద పాత స్లీపరు చెక్కలు,
ఎప్పుడో వేలంలో కొన్నెవి.
కోతమిషన్లో ముక్కలకు నూటెనభై తీసుకున్యారు.
మొల ఊడిన బెజ్జాలు, ఇంకా పోని తారు వాసన.
రెండు అడ్డం, రెండు నిలువు, మళ్లా రెండు అడ్డం,
నులకమంచం అల్లినట్టు ఓపిగ్గా పేర్చినాడు.
పగిలిన బండముక్కలు నేలనున్న చక్రాలకు ముందూ ఎనకా దూర్చి
"రాయికి ఈ పని చాలు" అన్యాడు.
స్టెప్నీని గూడా కిందికి తోసినాడు,
అన్నీ మోసం చేస్తే అదొకటుంటాదని.

"ఇంక ఊపండి. పాపా, నువ్వూ రా.
పడేదుంటే మనం బయటున్నప్పుడే పడాల."

ఊపినాను.
పెండ్లయిన ఎనిమిదేండ్లలో
దేన్నీ అంత గట్టిగా తోసింది లేదు.
కదల్లేదు.

ఇంక కనపడేది మా ఆయన కాళ్లే.
మోకాళ్లదాకా మసి, మడమల్లో పగుళ్లు,
ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు.
టార్చి పట్టుకోని ఆ కాళ్లనే చూస్తా కూర్చున్యా.

అప్పుడు గూడ్సు పోయింది.
నేల వణికింది.
చెక్క కిర్రుమంది.

కాళ్లు రెండూ పట్టుకోని ఈడ్చినాను.
వీపు గీరుకుపోయి బయటికొచ్చి ఏందే అన్యాడు.
"చెక్క ఏదో చెప్పింది."
చిన్నాయన నవ్వినాడు.
"వాళ్ల బండి పోతాంది గదా, పలకరించింది."
నవ్వతానే వంగి
ప్రతి చెక్కనూ చేత్తో తడిమి చూసినాడు.
అయినంకనే, పో అన్యాడు.

సైలెన్సరు అతుక్కుంది.
రాత్రి అన్నం కాడ
మా ఆయన, ఏ మాటా బయటికి రాని మనిషి,
ముద్ద కలుపుతా కలుపుతా ఆగి
"ఆ బండలకిందికి దూరింటే..." అన్యాడు.

అంతే. మళ్లా ముద్ద కలిపినాడు.
కిర్రుమన్నట్టు ఇనపడింది నాకు.