ముప్పై ఎనిమిది గ్రాములు

నాలుగో పీరియడ్‌లో నేను జీవపరిణామం చెప్తాను.
అయిదో పీరియడ్‌లో అదే గొంతుతో, అదే చాక్‌పీసు ముక్కతో
క్యాథలిక్ పిల్లలు ఇరవై ఇద్దరికి సత్యోపదేశం.
మధ్యలో నాకు దొరికేది
బోర్డు తుడుచుకునేంత సమయం.

ఇన్నాళ్ళూ ఆ డస్టరే నన్ను కాపాడింది.

మొన్న జెసింత లేచి నిలబడింది,
మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పిల్ల, ఎడమచేతి వాటం.
"మిస్, మీరు ఏ పీరియడ్ల అబద్ధం చెప్తున్నరు?"
ఎగతాళి లేదు.
బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది.
బెల్లు కొట్టారు.
బెల్లు కొట్టే యాదగిరికి
ఆ రోజు టీ ఇప్పించాను, ఎందుకో చెప్పలేదు.

శనివారం టీచర్లకు శిక్షణ.
పన్నెండు బడుల నుంచి వచ్చాం టిఫిన్ డబ్బాలతో.
తెర మీద ఒక ఫాదర్ రెండు వలయాలు చూపించారు,
ఒకటి విశ్వాసం, ఒకటి విజ్ఞానం,
ఒకదాన్నొకటి ఎక్కడ తాకాలో బాణం గుర్తు కూడా ఉంది.
కరెంటు పోయింది.
వలయాలూ పోయాయి.

అప్పుడు సిస్టర్ అనస్తాసియా,
బాటనీ చెప్పి రిటైరై పదేళ్ళయిన ముసలమ్మ,
"లోపల ఉక్కపోస్తోంది, రండి" అని
లూర్దుమాత గుహ దగ్గరికి నడిపించింది.
మాత నిలుచున్న బండ మీద
అందర్నీ అరచేయి ఆనించమంది.
ఎండకి చురుక్కుమంది. ఎవరూ తియ్యలేదు.

"రెండువందల యాభై కోట్ల ఏళ్ళు దీనికి, కాస్త అటూ ఇటూ.
ఊరంతా దీని మీదే కూర్చుంది.
పక్క సందులో ఫ్లాట్ల కోసం పేలుస్తున్నదీ దీన్నే.
నలభై ఏళ్ళు దీని మీది కొవ్వొత్తి మైనం గోకాను నేను.
గోకుతూ జపమాల చెప్పుకున్నాను,
గోకుతూ పాచి రకాలు లెక్కపెట్టాను.
రెండూ కలిశాయో లేదో చూసుకోలేదు.
గోళ్ళు మాత్రం అరిగాయి."
అంతే.
లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది.

తిరుగు బస్సులో కెమిస్ట్రీ జోజిరెడ్డి అన్నాడు,
"విభూది బుధవారం బూడిద
ఈసారి మన ల్యాబులో చేద్దామా?"

పోయినేడు మట్టల ఆదివారం నాటి ఈతాకులు,
ఇళ్ళల్లో సిలువల వెనక దోపినవి, పిల్లలు పట్టుకొచ్చారు.
కొన్నింటికి సాలెగూళ్ళు. ఒకదానికి బల్లిగుడ్డు.
త్రాసు పట్టింది సమీన్,
దానికి అయిదో పీరియడ్ సత్యోపదేశం కాదు, నీతిబోధ.
నలభై గ్రాములు.
మూసలో కాల్చాం, కిటికీలు తెరిచి, దగ్గుకుంటూ.
మళ్ళీ తూచాం.
రెండు.

"మిగతా ముప్పై ఎనిమిది ఏవిరా?" అన్నాడు జోజిరెడ్డి.
కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి,
ముందు బెంచీ అప్పుడే సమీకరణం రాస్తోంది.
జెసింత రాయలేదు. మూసలోకి చూస్తోంది.
"మట్టివి, మట్టిల కలుస్తవ్ అనే గద మిస్
ఫాదర్ విభూది పెట్టేది.
మట్టి రెండు గ్రాములే ఉన్నది.
తక్కినదంత గాలే."

"మాకూ మట్టే మిస్," అంది సమీన్ త్రాసు దించకుండా,
"ఊపిరి తర్వాత ఊదిండు."

పైనుంచి మెట్రో పోయింది.
గాజు సీసాలు కాసేపు సన్నగా మోగాయి.
బెల్లు కొట్టినా నేను డస్టర్ అందుకోలేదు.
ఆ సమీకరణం కిందే, మిగిలిన జానెడు జాగాలో,
ఆదికాండం రెండో అధ్యాయం అని రాశాను.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర జెసింత ఆగింది,
నుదుటి సిలువ చెమటకి ముక్కు మీదికి జారి.
"నేనడిగిన దానికి జవాబు ఇంక రాలే మిస్."
"తెలుసు," అన్నాను.
"రేపు నాలుగో పీరియడ్‌లో అడుగు.
అయిదోదాంట్లో కూడా అడుగు."

యాదగిరి తాళాల గుత్తి పట్టుకుని
గేటు వెయ్యకుండా నిలబడ్డాడు,
మా మాటలు అయ్యేదాకా.