గోనెపట్టా

మార్చి నెల, ఒంటిపూట బడి.
మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే
ఎనిమిదో తరగతి బి సెక్షన్ మొత్తం ఒకేసారి తుమ్ముతుంది.
"ఇదీ బలమేనా టీచర్?" అంటాడు ప్రభుదాసు
ముక్కు చొక్కాకి తుడుచుకుంటూ.
బలమే. కూర్చో.

జడత్వం చెప్పడానికి నేనేం కష్టపడలేదు.
చుట్టుగుంట సెంటర్లో షేర్ ఆటోవాళ్లు
రోజూ చెబుతూనే ఉన్నారు ఆ పాఠం:
బండి ఆగుతుంది, మనం ఆగం,
ముందున్న కమ్మీ వచ్చి పళ్లకి తగులుతుంది.
ఘర్షణా అంతే.
వాన పడ్డ రోజు బడి మెట్ల మీద
సగం క్లాసు మోకాళ్లతో నేర్చుకుంది.

పీడనం దగ్గరే బండి కదల్లేదు.
బలాన్ని వైశాల్యంతో భాగించాలని బోర్డు మీద రాశాను.
ఒంటె పాదం వెడల్పు, అందుకే ఇసుకలో దిగబడదంటుంది పుస్తకం.
గుంటూర్లో ఒంటెని ఎక్కణ్ణించి తేను?
నలభై రెండు మొహాలు
నా వంక చూస్తున్నాయి ఎడారిలా.

మూడో బెంచీలోంచి సైదాబీ లేచింది.
"మా నాన్న భుజం మీద గుంట ఉంది టీచర్.
నా బొటనవేలు పడుతుంది అందులో.
గోనెపట్టా వేసుకోవడం మొదలెట్టాక
ఇంక లోతు పెరగలేదు."

సోమవారం ఆ పట్టా తెచ్చేసింది.
నాలుగు మడతలేసి పురికొసతో కుట్టిన గోనె,
ఏ రంగుదో చెప్పలేనంతగా ఎర్రబడింది.
ముట్టుకోవద్దన్నాను.
ముట్టుకున్నారు, ఆ చేత్తోనే కళ్లు నలుపుకున్నారు.
పదిమంది కుళాయి దగ్గరికి పరుగు.

మిగిలినవాళ్లం లెక్కకి కూర్చున్నాం.
టిక్కీ నలభై కిలోలు.
న్యూటన్లలో సుమారు నాలుగు వందలు.
గళ్ల కాగితం మీద పట్టా పెట్టి చుట్టూ గీశాం,
ఒక్కో గడీ లెక్కపెట్టాం:
నూట అరవై చదరపు సెంటీమీటర్లు.
పట్టా లేకపోతే మూట ఆనే చోటెంత?
సైదాబీ తన నాలుగు వేళ్లు కాగితం మీద పరిచింది.
వాటి చుట్టూ గీశాం. నలభై.

భాగించండి.
పట్టా లేకుండా చదరపు సెంటీమీటరుకి పది న్యూటన్లు.
ఉంటే, రెండున్నర.
"అంటే టిక్కీ పది కిలోలే అయిపోయినట్టా?"
మళ్లీ ప్రభుదాసే.
కాదురా. నలభై నలభయ్యే.
మోకాళ్లనడుగు, చెబుతాయి.
నడుమునడుగు, రాత్రికి చెబుతుంది.
పట్టా మాట్లాడేది ఒక్క భుజంతోనే.

ఎంత బాగా చెప్పానో అనుకుంటూ చేతులు దులుపుకుని
బోర్డు వైపు తిరిగితే
నేను రాసిన పది నన్నే చూస్తోంది.
పట్టా ఇక్కడ ఉంది.
రెండ్రోజుల సెలవు తర్వాత యార్డు తెరిచే రోజు,
లారీలు రోడ్డు దాకా నిలబడే రోజు.

"సైదా, నాన్నకి చెప్పే తెచ్చావా?"
"నిద్రలో ఉన్నాడు టీచర్."

ప్రభుదాసుని సైకిలేసుకుని పరిగెత్తమన్నాను.
వాడు గేటు దాటకముందే
గేటు దగ్గర నాగుల్‌మీరా నిలబడి ఉన్నాడు.
ఎడమ భుజం మీద తువ్వాలు మడత,
దాని కింద చొక్కా తడిసి, ఒరుసుకుపోయి.
కూతుర్ని ఒక్క మాట అనలేదు.
"లెక్క తేలిందా టీచరమ్మా?"
తేలిందన్నాను.
"ఎంతొచ్చింది?"

రెండున్నర, అన్నాను.
పది, అంది సైదాబీ
నేల చూస్తూ.

అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.
పట్టా అందుకుని
అలవాటు కొద్దీ ఒక్కసారి దులిపాడు.
ముగ్గురం తుమ్మాం.