పిప్పి

తెల్లారకముందే పిరసికాబ నది ఒడ్డున
ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని
మచ్చల జ్వరం తెచ్చే పిడుదులకు భయపడుతూ
నేను పెంట ఏరుతుంటాను.

నవ్వకండి. జీతమిచ్చే పనే.
ఐసు పెట్టె, చెంచా, మూత బిగిసే సీసాలు,
ఏ సీసా ఏ జంతువుదో రాయడానికి పెన్సిలు.
పెన్నుతో రాస్తే మంచుకి చెదిరిపోతుంది.

కాపిబారాలు నన్ను పట్టించుకోవు.
పందంతేసి ఎలుకలు,
నీళ్లలో సగం మునిగి
ఎవరికీ అప్పులేని మనుషుల్లా కూర్చుంటాయి.
నది పొంగినప్పుడు తోటలోకి దూరి
మేం కొట్టాల్సిన చెరుకు అవి నమిలేవి.
అప్పట్లో కత్తి చూపించి తరిమేవాణ్ణి.
ఇప్పుడు వెనకాలే నడుస్తున్నాను,
తోడుపెళ్లికొడుకులాగా.

ఇరవై రెండేళ్లు చెరుకు కొట్టాను.
ఒక్కరోజులో పది టన్నులు కొట్టిన రోజులున్నాయి,
ఆ రాత్రుళ్లు వేళ్లు ముడుచుకున్నవి తెరుచుకునేవి కావు.
యంత్రం వచ్చాక మా ముప్ఫైమందిలో
ఒక్కడు మిగిలాడు. వాడు డ్రైవరు.
పీల్చి పిప్పి చేశారంటారు మావాళ్లు.
పిప్పిలో ఇంకా ఏదో ఉంటుందని
ఎవరూ అనగా నేను వినలేదు,

డాక్టర్ ఈవొనేత్ అనేదాకా.
మిల్లు వెనక పిప్పి కొండ చూపించి
"ఇదంతా చక్కెరే, ఓస్మరీనో.
తాళం వేసిన చక్కెర" అంది.
రాళ్లు తిన్నా అరిగే వయసులో కూడా
నాకు గడ్డి అరిగేది కాదన్నాను.
"మన పేగుల్లో ఆ తాళంచెవి లేదు, వాటి పేగుల్లో ఉంది."
నిజానికి వాటిదీ కాదట.
వాటి కడుపులో అద్దెకుంటున్న
కంటికానని కాపురాలదట.
గాలి తగిలితే చచ్చిపోతాయట.

అందుకే నేను పరిగెత్తేది.
ఒడ్డు నుంచి ల్యాబు తలుపుదాకా పదకొండు నిమిషాలు,
నా మోకాళ్లకి పద్నాలుగు.

గాజు పెట్టెలోకి చేతులు దూర్చి
ఆమె వాటికి పిప్పి పొడి వడ్డిస్తుంది.
నాలుగు నెలలు ఏమీ కాలేదు.
సీసాలు కంపు కొట్టాయి, అంతే.
లీటరుకి ఎంత పడుతుందని మిల్లువాళ్లు అడిగితే
ఆమె కిటికీలోంచి చూసేది.
ఐదో నెలలో ఒక మంగళవారం
పిప్పి మెత్తబడింది,
పసిబిడ్డకి పెట్టే ఉగ్గులాగా.
అందులో చక్కెర. చక్కెరని ఈస్టుకి అప్పజెప్పి
పదిహేను సీసాలది కలిపి కాచి వడబోస్తే
అరగ్లాసు సారాయి.
"బండి తాగే సారాయి!" అని గంతేసింది డాక్టరు.
ఆ గంతుకి గ్లాసు ఒరిగింది,
నా చొక్కా మీదికి.

ఆ రాత్రి జుల్మీరా నన్ను గుమ్మంలోనే ఆపింది.
మెడ దగ్గర ముక్కు పెట్టి
కళ్లు మూసుకుంది.
తొమ్మిదేళ్లు.
తొమ్మిదేళ్లుగా కషాస చుక్క ముట్టలేదు నేను.
"పెంటలోంచి వచ్చింది" అన్నాను.
"అంటే, పిప్పిలోంచి. కాపిబారా కడుపులో..."
నాకే నమ్మబుద్ధి కాలేదు.
అచ్చం తాగినవాడి మాటలే.

ఆమె ఏమీ అనలేదు.
చొక్కా విప్పించి సబ్బునీళ్లలో నానేసింది.
మర్నాడు నాలుగింటికి
తనూ బూట్లు తొడుక్కుంది.

పొగమంచులో ఇద్దరం.
ఒక ముసలి ఆడ కాపిబారా వెనక్కి వంగి
తనలోంచి వస్తున్న మెత్తటి ముద్దనే
మళ్లీ నోట్లోకి తీసుకుంది.
జుల్మీరా మొహం తిప్పుకుంది. "ఛీ."

"ఒక్కసారికి అరగదు, గడ్డి కదా" అన్నాను.
"మొదటిసారి ఒంటికి పట్టనిది
రెండోసారి పడుతుంది.
డాక్టరు చెప్పింది."

చాలాసేపు చూసింది,
దాన్నో నన్నో తెలీదు.
తర్వాత ఐసు పెట్టె మూత తీసి
"చెంచా ఏదీ?" అంది.