ఇంకో మిర్చి ఎయ్యి భాయ్

బర్కత్‌పుర చమన్ కాడ
జబ్బార్ భాయ్ బండి మీద
అప్పట్ల అయిదు రూపాయలకు నాలుగు సమోసాలు.
గవ్వంత సైజు, ఉల్లిగడ్డవి.
కాగితం మీద నూనె మరక
ఊరి నక్షలాగ మెల్లగ పరుచుకునేది.
పక్కన, అడగకుండనే,
ఉప్పు చల్లిన వేయించిన మిరపకాయ ఒకటి.

దానికి ధర లేదు, లెక్క లేదు.
సమోసా ఎంబడి వచ్చిన చుట్టం.

నువ్వు దాని తొడిమె రెండు వేళ్ళతోటి పట్టి
చచ్చిన బల్లిని తీసినట్టు తీసి పక్కకు పెట్టినవు.
నేను నా కాగితం పట్టుకొని అక్కడనే నిలబడ్డ.
"తినరా?" అన్న.
"మీరు తీస్కోండి" అన్నవు.
గంతే మన పెండ్లిచూపులు.
మిగిలినదంతా పెద్దమనుషులు చేసిన తతంగం.

కరెంటు మీటర్లు చదివే నీకు
ప్రతిదానికి ఒక రీడింగు కావాలె.
నారాయణగూడ ప్రెస్సుల అచ్చుతప్పులు దిద్దే నాకు
ప్రతిదాన్ల ఒక తప్పు దొరకాలె.
మన శుభలేఖల కూడ నీ పేరు
'సత్తెయ్య'కు ఒక తకారం తక్కువ పడ్డదని
పీటల మీద కూసొని చెప్పిన.
మీ అక్క అనసూయ అప్పుడే అనుకున్నదట,
ఇది మిర్చే అని.

మరి నువ్వో?
మూడు మూలలు మడిచి అంటించిన మనిషివి.
ఏ మూల కాడ విప్పాల్నో తెల్వక
మొదటేడాది గోళ్ళు కొరుక్కున్న.
లోపల ఏముందో కొరికినంక గని తెల్వలే.
ఉడుకుడుకు ఉల్లిగడ్డ!
నాలుక కాలింది. అబద్ధమెందుకు, బాగుండె.

పై వాటాల కమలమ్మగారు చెప్పేది:
మొగుడు పెండ్లాం అంటే చాయ్ బిస్కట్ లెక్క ఉండాలె అని.
ఒద్దమ్మా.
బిస్కటు చాయ్‌ల మునిగిందంటే
మెత్తగయి, తెగిపడి, అడుక్కు పోయి మడ్డయితది.
ఆఖరి గుటకల దాని పేరు కూడ ఉండదు.
కప్పు కడిగేటోనికే ఎరుక అది ఎవరో.

సమోసా అట్ల కాదు, సమోసా లెక్కనే ఉంటది.
మిర్చి మిర్చి లెక్కనే.
ఒక్క కాగితం మీద
వేలెడు దూరంల పడుకుంటయి.
కలిసేది నోట్లనే.

ఆ ఆషాఢంల మాత్రం
నన్ను అడగకుండ నా లూనాను తుక్కుకు ఏసినవు.
"నడుస్తలేదు కద" అన్నవు.
మా ఇంట్ల నడవనివి ఇంకా శానా ఉన్నయన్న,
నిన్ను చూసుకుంటనే.
నాలుగు రోజులు మాటల్లేవు.
గోడ మీద మీటరొక్కటే తిరిగేది.

అయిదోనాడు తడిసి వచ్చినవు,
అంగీ లోపల దాచిన పొట్లం.
విప్పితే అన్నీ మిరపకాయలే!
ఒక్క సమోసా లేదు.
"అయిపోయినయట. ఇవ్వే మిగిలినయి.
పదిహేడు" అన్నవు.
లెక్కపెట్టుకొని తెచ్చినవు, మీటరోడివి కద.

నేను నవ్వలే.
నువ్వే ఒకటి తీసి, కండ్లు మూసి,
తొడిమె దాక కొరికినవు.
చెవులు ఎర్రగయినయి, ముక్కు కారింది,
ఎక్కిళ్ళు గోడకు తగిలి తిరిగొచ్చినయి.
నీళ్ళు వెంటనే ఇయ్యలే.
మనసుల పదిహేడు లెక్కపెట్టి ఇచ్చిన.

లూనా సంగతి ఇప్పటికీ మాఫ్ చెయ్యలే,
అది వేరే ముచ్చట.

ఇప్పుడు బండి మీద జబ్బార్ భాయ్ కొడుకు ఇంతియాజ్.
నాలుగు ఇరవై అయినయి, సైజు ఇంకింత చిన్నగయింది.
నా కడుపుల మంటకు డాక్టరు కారం బంద్ పెట్టిండు.
నా మిర్చి నీ కాగితంలకు పోతది.
నువ్వు ఇంకా సగమే తింటవు,
ప్రతిసారి ఎక్కిళ్ళే,
ప్రతిసారి ఎవరో ఎనకనుంచి పిలిచినట్టు ఉలిక్కిపడుతవు.
నా సంచిల నీళ్ళ సీసా ఉంటది.
లెక్కపెట్టుడు ఇప్పుడు అయిదుకు తగ్గించిన.

"మిర్చి ఎయ్యాల్నా ఆంటీ?" అంటడు ఇంతియాజ్.
ఇద్దరం ఒక్కసారే జవాబిస్తం.
నేను వద్దని,
నువ్వు ఇంకోటి ఎయ్యమని.