వాలుగ దవడ

పొందూరులో మా మామ్మ
వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది.
గింజ గింజ మీదే ఉండగా
సన్నటి పళ్ల వరసకి
ఆకు తునకా, మన్నూ, పురుగు కొట్టిన పోగూ తగులుకునేవి.
"కళ్లకి అంతా తెల్లగానే ఉంటాదిరా,
పళ్లకే తెలుస్తాది" అనేది.

నేను ఆమదాలవలస డిగ్రీ కాలేజీలో
కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను.
ఆరొందల పన్నెండు మెయిల్ ఖాతాలు,
ఒక యూపీఎస్సు,
సగం రోజులు అది మూలుగుతూనే ఉంటుంది.

మంగళవారం, గుణుపూర్ ప్యాసింజర్ వెళ్లిపోయాక
బిడ్డిక నీలవేణి వచ్చింది,
సీతంపేట పిల్ల, బోటనీ రెండో ఏడు.
చెప్పులు బయట విడిచి
గుమ్మంలోనే నిలబడి
"నొక్కీసేను సార్" అంది.

స్కాలర్‌షిప్పు ఆగిపోయిందట,
సాయంత్రం అయిదులోగా సరిచూసుకోవాలట.
కింద ప్రిన్సిపాల్ గారి పేరు, పక్కన కాలేజీ ముద్ర.
పాస్‌వర్డు అడిగితే ఇచ్చింది.
అడిగింది కాలేజీయే కదా మరి.

ఆ లింకు మీద వేలు పెట్టి చదివాను
బాలశిక్ష చదివినట్టు, కూడబలుక్కుంటూ.
ఎల్ ఉండాల్సిన చోట
ఒకటి అంకె
బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

అప్పటికే ఆ పిల్ల పేరుతో
నలభై మందికి అదే ఉత్తరం పోయింది.
"నీలక్క పంపిందని నొక్కాం" అన్నారు హాస్టల్ పిల్లలు.

పాస్‌వర్డులన్నీ మార్పించాను. ఆ చిరునామాకి దారి మూసేశాను.
నోటీసు రాశాను:
"తెలియనివారి లింకులు నొక్కరాదు."
కొట్టేశాను.
అది తెలిసినవాళ్ల మొహం పెట్టుకునే కదా వచ్చింది!
మళ్లీ రాశాను:
"నొక్కితే వెంటనే వచ్చి చెప్పండి. ఎవరూ తిట్టరు."

తీగ లాగుతూ పోతే
నీలవేణికి ఆ ఉత్తరం ఎవరి ఖాతాలోంచి వచ్చిందో దొరికింది.
నాది.
శనివారం, ఆరుంబావు.
"కాంట్రాక్టు సిబ్బందికి రెండు నెలల బకాయి జమ.
వివరాలకు ఇక్కడ నొక్కండి."
బస్సులో నిలబడి, ఒంటి చేత్తో, ఫోనులో.
ఆ సాయంత్రం నాకూ
పత్తి తెల్లగానే కనబడింది.
పేజీ తెరుచుకోలేదు, సిగ్నల్ లేదనుకున్నాను.
అనుకున్నానా,
అనుకోవాలనుకున్నానా.

గోడ మీద నోటీసు జిగురింకా ఆరలేదు.
ప్రిన్సిపాల్ గారు క్యారేజీ విప్పుతున్నారు,
గోంగూర వాసన వరండా దాకా వస్తోంది.
"ఏమయ్యా, లోపలికి రా" అన్నారు.
రాలేదు.
చెప్పులు ఎప్పుడు విడిచానో
నాకు గుర్తులేదు.