ఎనిమిదో పేజీ

మోంటెవిడియోలో జూలై గాలి
నది మీంచి వచ్చి నేరుగా గుండీల మీద చెయ్యేస్తుంది.
సెర్రో కొండ కింద బస్సెక్కుతాను.
భుజాన గుడ్డ సంచి, సంచిలో నలభై కథలు.
నలభై అంటే నలభై కాదు,
ఒకటే కథ, నలభై ప్రతులు.

డ్రైవర్ ఎల్బియో నన్ను టికెట్ అడగడు.
"ఇవాళ ఎవర్ని చంపుతున్నావు, సుల్మా?" అంటాడు.
మేజోళ్ళమ్మే కుర్రాడు ముందే ఎక్కి ఉంటే
వాడి పాట అయ్యాకే నా పాట,
అది మాలో మాకున్న కట్టుబాటు.
మూడు జతలు వంద అని వాడు చెప్పినంత తేటగా
నా కథేమిటో నేనొక్కనాడూ చెప్పలేకపోయాను.
మేజోడు కాలికి. కథ దేనికి?

సొంత డప్పు కొట్టుకోక తప్పదు గానీ
డప్పుకి రెండు చేతులు కావాలి.
నాకున్నది ఒకటే,
రెండోది కడ్డీ పట్టుకుని ఉంటుంది.

రెండు స్టాపుల మధ్య నా మొదటి వాక్యం పట్టాలి.
అది ఒకప్పుడు పొడుగ్గా ఉండేది.
అందులో తెల్లవారేది, మంచు కురిసేది,
గుమ్మం ముందు మూడు విశేషణాలు నిలబడి ఉండేవి.
మూతబడ్డ మాంసం ఫ్యాక్టరీ మలుపులో
బస్సు ఊగినప్పుడు ఒక విశేషణం జారిపోయింది.
స్కూలు పిల్లలు ఎక్కిన గోలలో మంచు కరిగిపోయింది.
ఏ మాట దగ్గర తలలు కిటికీల వైపు తిరిగాయో
ఆ మాటని ఇంటికెళ్ళి
ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేదాన్ని.
చివరికి ఇంతే మిగిలింది:

"తమ్ముడు వచ్చి తలుపు తట్టేసరికి
వాడి కోటు నేను అమ్మేశాను."

అంతే.
ఎవరో ఒకరు చెవిలోంచి వైరు తీస్తారు.
వెనక సీట్లో ఒక ముసలాయన
ఊ కొట్టినట్టు గొంతు సవరించుకుంటాడు.
ఆ ఊ కోసమే కదా
ఈ మోకాళ్ళతో ఈ మెట్లు.

మే నెలలో
అచ్చు యంత్రం ఎనిమిదో పేజీని మింగేసింది.
నేను చూసుకోలేదు.
రెండు వందల ప్రతులు.
ఏడో పేజీ అడుగున అక్క చెయ్యి గడియ మీద ఉంటుంది,
తిరగేస్తే తెల్ల కాగితం.
ఆరు వారాల పాటు అవే అమ్మాను.
నూట డెబ్బై మంది కొన్నారు.
ఒక్కరంటే ఒక్కరు
ఇదేమిటని అడగలేదు.

తెలిసిన రాత్రి స్టవ్ మీద నీళ్ళు మరిగి మరిగి ఆవిరైపోయాయి.
చివరిదాకా ఎవరూ చదవలేదా?
లేక చదివి,
కథ అక్కడే కంచికి వెళ్ళిందనుకున్నారా?
ఆ పేజీ కోసం నాలుగు నెలలు కూర్చున్నాను.
నన్నెవరూ చదవలేదన్నది ఒక అవమానం,
అది లేకపోయినా లోటు తెలియలేదన్నది ఇంకొకటి.
ఏది చిన్నదో తేల్చుకోలేక
తెల్లారేదాకా రెండింటినీ తూచాను.

తర్వాత, మొన్న గురువారం,
ఆసుపత్రి స్టాపులో నిల్డా ఎక్కింది.
పేరు అప్పటికి నాకు తెలియదు,
నీలం యూనిఫాం, చంకలో ఫ్లాస్కు,
రాత్రి డ్యూటీ కళ్ళు.
"నువ్వేనా" అంది.
"పదకొండు రోజులుగా నీ మీద కోపంగా ఉన్నాను.
అలా గడియ మీద చెయ్యి పెట్టించి వదిలేస్తారా ఎవరైనా?"

సంచిలోంచి నా కథ తీసింది,
నాలుగు మడతలు పడి, ఒక మూల టీ మరక.
ఎనిమిదో పేజీ ఖాళీగా లేదు.
ఉల్లిపాయలు. బ్లీచింగ్ పౌడర్.
మంగళవారం అమ్మకి కళ్ళ డాక్టరు.
ఆ కింద, పెన్సిల్ విరిగేంత గట్టిగా ఒకే మాట:
తియ్యదు.

నా సంచి అడుగున
కొత్తగా అచ్చయిన ఎనిమిదో పేజీలున్నాయి.
వాటిలో ఆమె తలుపు తీస్తుంది,
తమ్ముడు చలికి వణుకుతూ లోపలికొస్తాడు,
ఇద్దరూ ఏడుస్తారు. బాగా ఏడుస్తారు.
నాలుగు నెలల ఏడుపు అది.

చెయ్యి సంచిలోకి వెళ్ళింది,
కాగితం అంచు వేలికి తగిలింది.

"ఎందుకు తియ్యదు?" అని అడిగాను.
"వాడి కళ్ళలోకి చూసి కోటు సంగతి చెప్పాలి కదా," అంది నిల్డా,
కిటికీ వైపు తిరిగి.
"నీకు తమ్ముళ్ళు లేరనుకుంటాను."

ఎల్బియో బ్రేకు వేసి వెనక తలుపు తీశాడు.
గాలి లోపలికొచ్చింది.
ఎవరూ దిగలేదు.