గాలికి ఎదురు

సెలవు మీద వచ్చిన మూడోరోజు
"ఎంత ఉంటాదిరా నీ ఓడ" అని అడిగినాడు బండి అంకయ్య.
మా అన్న సోమరాజు మాట్లాడలా.
చెప్పులు విప్పి, ఐసు కొట్టు కాడ్నుంచి
అడుగులు లెక్కపెట్టుకుంటా
ఇసకపల్లి ఒడ్డెంబడి ఉత్తరానికి నడిచినాడు.
పదమూడు ఫైబరు పడవలు దాటినాడు,
ఆరేసిన వలలు దాటినాడు.
మూడొందల యాభై కాడ నిలబడి చెయ్యెత్తితే
వేలెడంత కనబడినాడు.
"ఇంత" అని అరిచినాడు.
సగం గాలి తినేసింది.

తిరిగొచ్చి తడి ఇసకలో చూపించినాడు.
నడిమధ్య విరిగిన తెడ్డుముక్క, అదే తన ఓడ.
చుట్టూ నాలుగు ఆల్చిప్పలు,
కొన్ని ఆకాశం చూస్తా ఉంటాయంట,
కొన్ని నీళ్ల అడుగు వింటా ఉంటాయంట.
వెనకమాల కొబ్బరిచిప్ప, నూనె మోసే ఓడ.
"పక్కనే అదే వేగంతో పోతా గొట్టం అందిస్తాది,
యాడా ఆగేది లేదు."
"మీ నాయన చుట్టకి నిప్పు అట్టాగే తీసుకునేవాడు
పడవ నించి పడవకి" అనింది అమ్మ.

ఆఖర్న ఒక గవ్వ తీసి ఇసకలో పాతి
పైన చదును చేసినాడు.
"ఇది కూడా ఉండాది.
యాడుండాదో నాకూ చెప్పరు."
అన్న లేచిపోయినాక పిల్లోళ్లు తవ్వినారు.
దొరకలా.

"అంత పెద్దదానికి ఇంతమంది కాపలానా?"
"పెద్దది కాబట్టే అంకయ్య మామా.
నేల లేని చోటికి నేలని మోసకపోతాది అది.
దాన్ని యాడ దాచేది?"

తెల్లారకముందే డెక్కు మీద
భుజానికి భుజం ఆనించి, తల దించుకోని
ఈ చివర నించి ఆ చివరకి నడుస్తారంట అందరూ.
ఒక నట్టు, ఒక చొక్కా గుండీ
ఇంజను మింగితే చాలంట.
అమ్మ చాటలో మొలగొలుకులు ఏరతా వింటా ఉండింది.
ఒక రాయి తీసి గడప అవతలకి ఇసిరి
"ఊ, చెప్పు" అనింది.

అన్న పని తీగల కాడ.
మూడు తీగలు పరిచి ఉంటాయి అడ్డంగా.
దిగే విమానం తోకన ఉండే కొక్కేనికి
ఏదో ఒకటి దొరకాల.
"దొరక్కపోతే?"
"మళ్లీ ఎగిరి తిరిగొస్తాడు.
అందుకే చక్రం తగలంగానే ఇంజను అరిపిస్తాడు,
దిగేవాడు కాదు, పోయేవాడి మాదిరి."
"బరువు తప్పు కడితే?"
అన్న గమ్మునున్నాడు.
"పండుగప్పకి కవళ్ల వల ఏసినట్టే మా" అన్నాడు చాలాసేపటికి.

కుడిచేతికి మూడు వేళ్లే ఉండాయని
మొదటిరోజే చూసినాం అందరం.
అమ్మ అడగలా. పులుసు కలిపి ముద్దలు చేసి
పళ్లెంలో వరసగా పెట్టేది.
నెలని చెప్పిన సెలవు మూడు నెలలైంది.
పొయ్యేటప్పుడు సంచీలోంచి జానెడు తీగముక్క తీసి
గూట్లో పెట్టిపోయినాడు, అరిగిపోయిన తీగంట,
చెయ్యంత బరువు.

కార్తీకంలో ఒక రాత్రి
ఇంజను ఆపి వల మీద కునుకు తీస్తా ఉన్నా.
తూర్పున చుక్కలు కొన్ని లేకుండా పోయినాయి.
దీపం లేదు. మోత లేదు.
చీకటి మీద ఇంకా నల్లగా ఏదో కదిలిపోయింది,
దాని ముందర ఒకటి, బాగా ఎడంగా ఇంకొకటి.
రేడియోలో ఉత్త గరగర.
అవి పోయినాక వచ్చినాయి అలలు,
ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా.
పడవ మూతిని వాటికేసి తిప్పి పట్టుకున్నా.

అదేనో కాదో నాకు తెలియదు.
ఇంట్లో చెప్పలా.
పొద్దున చేపలు దించి పొయ్యేసరికి
సముద్రపు గాలి దబదబా కొడతా ఉండాది.
తలుపు మూసుకోకుండా
అమ్మ ఆ తీగముక్క అడ్డం పెట్టి ఉండాది.